కాలువగట్టుపై సైకిలు ప్రయాణము

గుడివాడనుండి హంసలదీవి వఱకు సైకిలుమీద పోయి వచ్చితినని చెప్పినప్పుడు మిత్రులు కొందఱు నా వయస్సును, మఱికొందఱు నా బుద్ధిని శంకించిరి. బస్సులున్నవి, కారులున్నవి, అరువదియెనిమిదవ యేట ఈ తొక్కుడేమి యని వారి ప్రశ్న. వారికి సమాధానము చెప్పుటకు ఈ ప్రసంగమును వినియోగించుకొనను. ఆ ప్రయాణములో ఒక కాలువగట్టుమీద నాకొక చిక్కు ఎదురైనది. దానిని మీ ముందుంచవలెనని నా కోరిక.

మా చెల్లెలి కుమారుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. గడచిన సంక్రాంతికి వచ్చునప్పుడు తనతో ఒక సైకిలును తెచ్చెను. దాని వెల చెప్పెను. ఆ సొమ్ముతో రెండు పాడిగేదెలను కొనవచ్చును. హ్యాండిలు పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగియున్నది. బ్రేకు చక్రపు అంచును గాక నడుమనున్న ఇనుప పళ్ళెమును పట్టుచున్నది. టైరులో ట్యూబు లేదు. అందులో పాలవంటి జిగురుద్రవము పోసినారు. ముల్లు గ్రుచ్చుకొన్నను ఆ ద్రవమే రంధ్రమును పూడ్చునట.

"దీన్ని గ్రావెల్ బైకంటారు మామయ్యా. రేసు సైకిలు టైరు సన్నం, రాళ్ళమీద నిలవదు. కొండల్లో తొక్కేది మరీ బరువు. ఇది రెండిటికీ మధ్య. కంకర బాటకోసమే పుట్టింది."

టైరు వెడల్పెంత యని యడిగితిని. 40 మిల్లీమీటర్లనెను. నేను పెరటి పాకలోనికి పోయి నా పాత సైకిలు టైరుమీది అంకెలు చదివి వినిపించితిని. చక్రము 28 అంగుళములు, టైరు ఒకటిన్నర అంగుళము. ఒకటిన్నర అంగుళమనగా 38 మిల్లీమీటర్లు. "మీరు ఇప్పుడు కనిపెట్టినదాన్ని మా పాలవాడు ఏనాడో తొక్కాడురా" అంటిని. వాడు నవ్వి, అయినచో ఇద్దఱము కలిసి సముద్రము వఱకు పోవుదమా యని పందెము వేసెను. ఆ విధముగా ఈ ప్రయాణము కుదిరినది.

కంకర బాటలపై సైకిలు తొక్కుట ఇప్పుడు ప్రపంచమున నొక పెద్ద వినోదము. అమెరికాలో కాన్సస్ రాష్ట్రమందలి ఎంపోరియా యను ఊరినుండి 2006వ సంవత్సరము మొదలు 200 మైళ్ళ కంకరబాట పందెము జరుగుచున్నది. 2022లో ఇటలీలోని వెనెటో మండలమున ఇందుకొక ప్రపంచపోటీయే మొదలైనది. కాని నా మనస్సునకు పట్టిన కథ వేఱొకటి. ఇటలీలోనే టస్కనీ మండలమున చియాంతి యను సీమ కలదు. అది ద్రాక్షతోటలకు, ద్రాక్షాసవమునకు ప్రసిద్ధి. గుట్టల వాలులందు ద్రాక్షతీగల వరుసలు, వాని నడుమ సుద్దరాతి కంకరతో తెల్లగా మెఱయు బాటలు. ఆ తెల్లబాటలకు ఒక్కొక్కటిగా తారు పూయబడుచుండగా, వానిని కాపాడవలెనని కొందఱు తలంచి, 1997లో గయోలె యను ఊరినుండి లెరోయికా యను సైకిలుయాత్రను నెలకొల్పిరి. పాతకాలపు సైకిళ్ళకు, అనగా 1987కు పూర్వము చేయబడిన వానికే అందు ప్రవేశము. ఆ యాత్ర పేరుపొందిన కొలది ఆ బాటలకును పేరు వచ్చినది. నేడు వానిని చూచుటకే దేశదేశములనుండి జనులు వత్తురు. మా మేనల్లుడు ఈ వృత్తాంతమును చెప్పునప్పుడు వాని కన్నులలో వెలుగును చూచితిని. మన కాలువగట్లకును అట్టి యోగము పట్టవలెనని వాని యాశ.

ద్రాక్షతోటలు మనకెక్కడివని మీరడుగవచ్చును. హైదరాబాదు పరిసరములలో అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష ఒకప్పుడు పందిళ్ళు పందిళ్ళుగా కాచినదిగాని, కృష్ణా డెల్టా నల్లరేగడికి ద్రాక్షతో పొత్తు లేదు. గోదావరి సీమలో ద్రాక్షారామమున్నది గదా యందురేని, ఆ పేరు దక్షునివలన వచ్చినదని పెద్దలు చెప్పుదురు. మనకు ద్రాక్షతీగ స్థానమున తాడిచెట్టున్నది. పొలముల గట్లపై, పుంతల ప్రక్కన, కాలువల అంచున, దివిసీమలో ఎటు చూచినను తాడియే. మాఘమాసమున వేకువజామున బయలుదేఱిన వానికి మొదట కనబడు మనుష్యుడు మోకు నడుమునకు బిగించి తాడిచెట్టు దిగివచ్చు గీతగాడే.

మేమును వేకువజాముననే బయలుదేఱితిమి. మధ్యాహ్నము దాటిన పిమ్మట సముద్రమునుండి పైరగాలి ఎదురు వీచును. అప్పుడు ఒక్కొక్క కిలోమీటరు రెండగును. కాలువగట్టు దొరికినచోట గట్టు, దొరకనిచోట పుంత, రెండును లేనిచోట తారురోడ్డు. పామఱ్ఱు మీదుగా కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ, కోడూరు, హంసలదీవి. చుట్టుత్రోవలతో కలిపి 70 కిలోమీటర్లకు పైమాటయే.

మన డెల్టా పలకవలె చదునైనదని కారులలో పోవువారు తలంతురు. సైకిలు తొక్కువానికి ఆ భ్రమ ఉండదు. ఈ పాఠమును నాకు నేర్పినవాడు మా మేనమామ. ఆయన దివిసీమలో కాలువ లస్కరు. తూములు తీయుట, మూయుట, లాకుల తలుపులు త్రిప్పుట, గట్టునకు ఎలుకబొరియ పడినచో అది గండి కాకమునుపే పూడ్చుట ఆయన పని. హెర్క్యులీసు సైకిలు ముందుకమ్మిమీద తువ్వాలు మడతపెట్టి, దానిపై నన్ను కూర్చుండబెట్టుకొని గట్ల వెంబడి త్రిప్పెడివాడు. ఒకనాడు గట్టు దిగి పొలములలోనికి పోవు బాటమీద కాళ్ళు ఎత్తివేసి, "చూడరా, తొక్కకుండానే పోతోంది. చక్రం ఎటు దొర్లితే అటు మురుగుకాలవ ఉంటుంది. ఎదురు తొక్కాల్సి వస్తే పంటకాలవ దగ్గరపడుతోందన్న మాట" అనెను.

తరువాత చదువుకొన్నప్పుడు తెలిసినది, అది యెంత నిజమో. వరదవరదకు తాను తెచ్చిన ఒండ్రును తన యొడ్డుననే మొదట విడుచుటచేత డెల్టాలోని నది తన గట్టును తానే ఎత్తుచేసికొనును. కావున నదికి దూరమగుకొలది భూమి ఇంచుక ఇంచుక పల్లమగును. 1852లో ఆరంభమై 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్టనుండి కాలువలు త్రవ్వినప్పుడు ఆ మెరకలను ఎన్నుకొని వానిమీదుగా నీటిని నడిపిరి. మురుగును పల్లములలోనుండి సముద్రమునకు విడిచిరి. ఆ ఆనకట్ట స్థానమున 1957నుండి ప్రకాశం బ్యారేజి యున్నది. మెరకపల్లములు మాత్రము మాఱలేదు. కంటికి కానరాని ఆ వాలు పిక్కలకు తెలియును. మా మేనల్లుడు హ్యాండిలు నడుమ బిగించుకొన్న యంత్రము కూడ దానిని సరిగా పట్టుకొనలేకపోయినది. నేను ముందుగా చెప్పిన రెండుచోట్లను మురుగుకాలువ ఎదురైనప్పుడు వాడు ఆశ్చర్యపడెను. మామ విద్య అల్లునికి వచ్చినదని నేను కొంచెము గర్వపడితిని.

ఆ కాలువలు పైరుకు మాత్రమే త్రవ్వినవి కావు. అవి పడవల రహదారులు. ఏలూరు వద్ద కృష్ణకాలువ గోదావరికాలువతో కలియును. అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలియును. ఆ విధముగా కాకినాడలో ఎక్కిన బస్తా నేల దిగకుండ చెన్నపట్టణము చేరెడిది. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టుమీద నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. నేడు మనము సైకిలు తొక్కు గట్టుబాట చాలచోట్ల వారి పాదములు త్రొక్కి గట్టిపఱచినదే. రైలు వచ్చినది, లారీ వచ్చినది, పడవలు పోయినవి. లాకుల తలుపులు తుప్పుపట్టి నిలిచిపోయినచోట్ల పిల్లలు వానిమీదనుండి నీటిలోనికి దూకుచున్నారు.

కూచిపూడి దాటిన పిమ్మట ఒక గట్టుమీద గీతగాడొకడు మా ప్రక్కగా వచ్చెను. వెనుక చక్రమునకు ఇరువైపుల లొట్లు కట్టియున్నవి. కుదుపునకు చుక్కయైన తొణకకుండ ఆ కంకరమీద, ఒక చేయి హ్యాండిలుపై నుంచి, రెండవచేత తలగుడ్డ సరిచేసికొనుచు, మమ్ములను దాటిపోయెను. మా మేనల్లుడు వానిని అందుకొనవలెనని బలముగ తొక్కెను; అందుకొనలేకపోయెను. చెట్టు క్రింద ఆగినప్పుడు వాడే మా వానికి కల్లు విద్య చెప్పెను. లొట్టికి లోపల సున్నము పూసినచో రసము పులియక తియ్యని నీరాగా నిలుచును. పూయనిచో ఎండ యెక్కుకొలది పొంగి కల్లగును. ద్రాక్షాసవమునకు ఏండ్లు కావలెను, దీనికి ఒక పూట చాలును, మఱునాటికి పనికిరాదు. నేను త్రాగితినా లేదా యన్నది ఆకాశవాణిలో చెప్పదగిన విషయము కాదు.

ఆ దినమంతయు నేను లెక్కించుచునే యుంటిని. పాలక్యానులవారు, చేపలతట్టలవారు, ప్లాస్టికు బిందెలమ్మువాడు, మినుపచేలకు మందుకొట్టు పంపు వీపున తగిలించుకొన్నవాడు, బడికి పోవు ఆడపిల్లలు. మోటారుసైకిళ్ళు పెరిగినమాట నిజమే. ఐనను గట్టుమీది సైకిలు ఇంకను చావలేదు. వీరెవ్వరును వినోదమునకు తొక్కుటలేదు. వరికోతలైన మాగాణిలో మినుము పచ్చగా పఱచుకొని యుండగా, చెఱకు, పసుపు, అరటితోటల నడుమ పోవుచు, ఘంటసాల మీదుగా పోదమని, బౌద్ధస్తూపపు శిథిలములను చూతమని మా మేనల్లుడు కోరెను. చూచితిమి. వాని గుఱించి మఱియొకనాడు చెప్పెదను.

పులిగడ్డ వద్ద కాలువ నదిపాయను అక్విడక్టు మీదుగా దాటుట చూడదగినది. క్రింద కృష్ణ, పైన కృష్ణయే. ఆ పైనీరే దివిసీమ మాగాణికి ప్రాణము.

అవనిగడ్డ దాటిన పిమ్మట నేను మాట్లాడుట తగ్గించితినని మా మేనల్లుడు తరువాత చెప్పెను. కావచ్చును. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఈ సీమలో వేలకొలది జనము పోయిరి. నేనప్పుడు బందరులో చదువుచుంటిని. మా మేనమామ యిల్లు కాలువగట్టు వారనే యుండెడిది. ఆ రాత్రి ఆయన గట్టుమీది తాడిచెట్టును కౌగిలించుకొని తెల్లవారువఱకు నిలిచెను. అత్తయ్య దక్కలేదు. ఇంటి సామానులో మఱునాడు కనబడినది ఏదియు లేదు. సైకిలు మాత్రము రెండునెలలకు మురుగుకాలువ పూడిక తీయుచుండగా బురదలో దొరికినది. ఆయన దానిని కడిగి, చక్రములు మార్పించి, మరల గట్టుమీద తిరిగెను. పదవి విరమించిననాడు నాకిచ్చెను. హ్యాండిలు వద్ద ఉప్పునీటి తుప్పుమచ్చ ఎంత రుద్దినను పోదు. నేను తొక్కుచు వచ్చినది ఆ సైకిలే. ఈ సంగతి మా మేనల్లునకు ఆ సాయంకాలమునే మొదటిసారి చెప్పితిని.

మా మేనమామ ఊరు చేరునప్పటికి ప్రొద్దు వాలినది. ఊరి పేరు చెప్పను. అట్టివి ఆ సీమలో పది యున్నవి. గట్టుమీద ఎఱ్ఱకంకర, ఇరుప్రక్కల తుమ్మలు, కాలువలో నీడలు. మా మేనల్లుడు దిగి నిలుచుండి, "మామయ్యా, దీనిముందు టస్కనీ ఎంత!" అనెను. అంతలోనే వాని వెనుకచక్రము బుస్సుమన్నది. తుమ్మముల్లు. పాలవంటి ద్రవము ఎఱ్ఱకంకరమీద బొట్లు బొట్లుగా రాలినదిగాని రంధ్రము పూడలేదు. ఊరి సైకిలుషాపతను దానిని త్రిప్పిత్రిప్పి చూచి, "ట్యూబు లేనిదానికి నేనేం ప్యాచీ వేస్తానండీ?" అని, చివరకు ఒక మోటారుసైకిలు టైరుకు వాడు రబ్బరుపోగును దూర్చి గాలి నిలిపెను. డబ్బు పుచ్చుకొనలేదు.

ఆ షాపు వద్దనే ఊరివారు గుమిగూడిరి. నేను ఫలానా లస్కరుగారి మేనల్లుడనని తెలిసినపిదప మర్యాదకు కొదువలేదు. ఒక వృద్ధుడు లోపలినుండి ఒక కాగితమును తెచ్చెను. "అల్లుడుగారూ, సమయానికి వచ్చారు. మీరు చదువుకున్నవారు, దీనిమీద మీరూ ఒక సంతకం పెట్టాలి." అది గట్టుబాటకు తారు వేయించుమని ప్రభుత్వమునకు వ్రాసికొన్న మహజరు.

మా మేనల్లుని ముఖము వాడిపోయినది. వాడు వారికి చియాంతి కథను చెప్పెను. మంచిగనే చెప్పెను. కంకర బాట నుంచుకొన్నచో దూరదేశములనుండి సైకిళ్ళవారు వత్తురని, టీకొట్లు, బసలు ఏర్పడునని, ఊరికి నాలుగు డబ్బులు వచ్చునని చెప్పెను. వారు శ్రద్ధగానే వినిరి. అప్పుడొక ముసలమ్మ, "బాబూ, ఆ దేశంలో వానలు పడతాయా?" అని యడిగెను. శ్రావణమాసమున ఆమె కోడలికి నొప్పులు వచ్చిన రాత్రి ఆటో ఆ కంకరలో దిగబడినది. కోడలిని మంచముమీద పడుకొనబెట్టి నలుగురు మగవారు మోకాలిలోతు బురదలో తారురోడ్డు వఱకు మోసిరి. బిడ్డ దక్కినది. "దక్కింది కాబట్టి చెబుతున్నాను" అని ఆమె యూరకుండెను. వృద్ధుడు ఇంకొక మాట చేర్చెను. తుపాను హెచ్చరిక వచ్చినపుడు లారీలు ఈ ఊరిలోనికి రాగలవా లేవా యన్నదే వారికి ప్రతి కార్తికమాసమునను ప్రశ్న. ఆ మాట చెప్పుచు నా సైకిలు హ్యాండిలువైపు చూచెను. లేదా నాకట్లు తోచినదేమో.

ఆ రాత్రి అరుగుమీద పండుకొని ఆలోచించితిని. టస్కనీ కంకర ఆ నేలలో పుట్టినది. అచట బాట త్రవ్వినచో క్రింద రాయియే. దివిసీమలో గులకరాయి యొక్కటి పుట్టదు. ప్రతి కంకరరాయియు మెట్టసీమనుండి లారీలో వచ్చినదే, ప్రతి వర్షకాలమునను అది నల్లరేగడిలో దిగిపోవును, మరల తేవలెను. చియాంతిలోని తెల్లబాట ఒక సంపూర్ణమైన బాట. మన గట్టుమీది ఎఱ్ఱబాట సగములో నిలిచిపోయిన తారురోడ్డు. దానిని చూచి మేము మురిసితిమి. దానిమీద వారు జాఱిపడుచున్నారు. ఇంత తెలిసియు, తారు పడిననాడు ఆ తుమ్మల నీడ, చక్రముల క్రింద కంకర చేయు ఆ సన్నని చప్పుడు, లొట్లవాడు, బడిపిల్లలు ఏమగుదురోయని బెంగ పోలేదు. తారుమీద లారీ వేగముగా వచ్చును. సైకిలు అంచునకు తొలగును. అంచు లేనిచోట కాలువలో పడును. ఇది ఊహ కాదు, మా గుడివాడ చుట్టుప్రక్కల నేను చూచుచున్న విషయము.

మఱునాటి వేకువను హంసలదీవి చేరితిమి. వేణుగోపాలస్వామి దర్శనమైన పిమ్మట కృష్ణ సముద్రములో కలియుచోటికి పోయి, మడచెట్లను, బురదపీతలను చూచి, ఇసుకలో సైకిళ్ళు నడిపించుకొని వెనుకకు తిరిగితిమి. మా మేనల్లుడు అక్కడ చాల ఛాయాచిత్రములు తీసెను. నా మనస్సు మాత్రము ఆ ఊరిమీదనే యున్నది.

తిరుగుప్రయాణమున గట్టుమీద పోవుచుండగా కాలువకు ఆవలి యొడ్డు నా కంటబడినది. అచటను ఒక గట్టున్నది. పడవలు లాగిన బాట. దానిమీద ఇండ్లు లేవు, బండ్లు పోవు, కంపచెట్లు మూసివేసినవి. కాలువకు గట్లు రెండుగదా! ఈ చిన్నమాట రాత్రియంతయు తోచకపోయెనేమని నాలో నేనే నవ్వుకొంటిని.

ఆ వృద్ధుని యింటికి పోయి కాగితమడిగి సంతకము చేసితిని. సంతకము క్రింద నా చేతివ్రాతతో ఒక పంక్తి చేర్చితిని. ఈ గట్టుకు తారు వేయవలెననియు, ఆవలిగట్టును కంపకొట్టించి, బండ్లు ఎక్కకుండ రెండు కొసలను రాళ్ళు పాతి, నడచువారికి, సైకిళ్ళకు విడిచిపెట్టవలెననియు దాని సారాంశము. మా మేనల్లుడును చేవ్రాలు చేసెను. బెంగుళూరు చిరునామా వ్రాసెను. వృద్ధుడు కండ్లద్దములు పెట్టుకొని ఆ పంక్తిని రెండుమార్లు చదివెను.

"బాగానే ఉంది అల్లుడుగారూ. కాని కంప కొట్టిస్తే మళ్ళీ మొలుస్తుంది. ఏటా ఎవరు కొట్టిస్తారు?"

నేను సమాధానము చెప్పకమునుపే సైకిలుషాపతను అందుకొనెను. "కొట్టించకండి. ముళ్ళుంటేనే గదా నా కొట్టు నడిచేది!"